అమెరికాకు ఆవకాయ, దుబాయ్‌కి మసాలా పొడి: ఇంటి పార్సిల్ ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది?

2025 ఆగస్టు చివరి వారంలో మన తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. దసరాకు పిల్లలకు అందేలా సున్నుండలు, జంతికలు, కందిపొడి కట్టి పెట్టుకున్న ఇళ్లలో అయోమయం మొదలైంది. ‘పచ్చళ్లు నిషేధించారట’ అని ఒకరు, ‘ఏది పంపినా సగానికి సగం పన్నట’ అని ఇంకొకరు, ‘నెయ్యి తగిలితే పెట్టె మొత్తం పారబోస్తారట’ అని మరొకరు. అక్టోబరు 15న తపాలా సేవలు తిరిగి మొదలయ్యాయి కానీ అయోమయం తీరలేదు.

ఈ మాటల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, ఏదీ పూర్తిగా నిజమూ కాదు. ఇంటి నుంచి బయలుదేరిన ఒక్క పెట్టె నాలుగు వేర్వేరు చట్టాల చేతుల మీదుగా వెళుతుంది. వాటిలో ఒకదానికి సంబంధించిన జవాబును మనం ఇంకోదానికి అంటగడుతున్నాం. ‘పోయిన ఏడాది మా చెల్లెలి పెట్టె భేషుగ్గా వెళ్లింది, మాదెందుకు ఆగింది?’ అన్న ప్రశ్నకు సమాధానం దాదాపు ఎప్పుడూ ఇక్కడే దొరుకుతుంది.

ఒక్క పెట్టెకు నాలుగు ప్రశ్నలు

మొదటిది సుంకం: పెట్టెలోని సరుకు విలువ ఎంత, దానిపై పన్ను పడుతుందా? రెండోది మొక్కల, పశువుల ఆరోగ్యం: ఈ సరుకుతో పాటు ఏదైనా పురుగు, తెగులు, పశువ్యాధి దేశంలోకి వస్తుందా? దీన్నే క్వారంటైన్ తనిఖీ అంటారు. మూడోది మనుషుల ఆరోగ్యం, దానితో పాటు మత్తుపదార్థాల చట్టాలు. నాలుగోది విమాన భద్రత: ఈ వస్తువు గాలిలో ఉన్నప్పుడు అంటుకునేదా, కారేదా?

ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పచ్చి కరివేపాకు రెబ్బకు సుంకం పడదు, బరువు ఉండదు, తింటే ఎవరికీ ప్రమాదం లేదు. అయినా అమెరికా దాన్ని రానివ్వదు. గసగసాలు విమానానికి ఏ హానీ చేయవు, మన వంటింట్లో మసాలా దినుసు. అవే దుబాయ్‌లో పట్టుబడితే కేసు అవుతుంది. ఎండు కొబ్బరి ఏ దేశంలోనూ మత్తుపదార్థం కాదు, కానీ పూర్తి కుడుకను మన విమానాశ్రయంలోనే లగేజీలోంచి తీయిస్తారు. కాబట్టి ‘ఇది పంపవచ్చా?’ అన్న ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు.

సుంకం: 100 డాలర్ల కానుక అంటే లెక్క ఎలా?

చాలా దేశాలు ఒక స్థాయి కన్నా తక్కువ విలువ ఉన్న పార్సిళ్లపై సుంకం వేయవు. వచ్చే పన్ను కన్నా దాన్ని వసూలు చేసే ఖర్చే ఎక్కువ కాబట్టి ఈ మినహాయింపు పెట్టారు. అమెరికాలో ఈ పరిమితి 2016లో 200 డాలర్ల నుంచి 800 డాలర్లకు పెరిగింది. అందుకే చాలా ఏళ్లపాటు మనవాళ్లు పంపిన పచ్చళ్లు, పిండివంటలకు సుంకం మాటే రాలేదు. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆ మినహాయింపు ఎత్తేశారు. పన్ను ఎవరు వసూలు చేయాలో, ఎలా జమ చేయాలో తేలకపోవడంతో అనేక దేశాల తపాలా సంస్థలు సేవలు ఆపేశాయి, మనదీ ఆపింది. అక్టోబరులో సేవలు తిరిగి మొదలైనప్పుడు మన తపాలా పార్సిళ్లపై సుంకాన్ని ప్రకటించిన విలువలో 50 శాతంగా లెక్కించారు. ‘సగానికి సగం పన్ను’ అన్న మాటకు ఆధారం ఈ లెక్కే. ఈ శాతాలు ఆ తర్వాతా మారుతూ వచ్చాయి కాబట్టి పంపే రోజున ఉన్న రేటే లెక్క.

అయితే 800 డాలర్ల మినహాయింపును ఎత్తేసిన ఉత్తర్వు కానుకల మినహాయింపును తాకలేదు. 100 డాలర్ల లోపు విలువ ఉన్న నిజమైన కానుకకు సుంకం లేదు. ఇక్కడ ‘నిజమైన’ అన్న మాటకు చట్టంలో అర్థం ఉంది. ఒక వ్యక్తి మరో వ్యక్తికి, డబ్బు తీసుకోకుండా పంపాలి. ఒకే మనిషికి ఒకే రోజు చేరే కానుకల మొత్తం విలువ 100 డాలర్లు దాటకూడదు.

ఉదాహరణకు తెనాలిలో ఉన్న తల్లి డాలస్‌లో ఉన్న కూతురికి పొడులు, పచ్చళ్లు, స్వీట్లు కట్టారనుకుందాం. సరుకు విలువ 70 డాలర్లు, పంపడానికి అయిన ఖర్చు 90 డాలర్లు. మొత్తం 160 అయింది కదా అని భయపడనక్కర్లేదు. అమెరికా లెక్కలో చూసేది సరుకు విలువే, రవాణా ఖర్చు అందులో కలవదు. ఆ పెట్టె కానుకే. అదే పెట్టెలో 150 డాలర్ల పట్టుచీర కూడా పెడితే విలువ 220 అవుతుంది. అప్పుడు పైన మిగిలిన 120కే పన్ను వేస్తారనుకోవడం పొరపాటు, మినహాయింపు మొత్తంగా పోయి 220కీ లెక్క కడతారు. చీర వేరుగా పంపితే పచ్చళ్లైనా మినహాయింపులో ఉంటాయి.

ఒకే పెట్టెలో కూతురికీ, అదే ఊళ్లో ఉన్న కొడుక్కీ కలిపి పంపే ఇళ్లు చాలా ఉన్నాయి. దీనికీ చట్టం దారి చూపింది. లోపల ఎవరి మూట వారిదిగా విడిగా కట్టి, దానిపై పేరు, విలువ రాస్తే ఒక్కొక్కరికీ విడిగా 100 డాలర్ల పరిమితి వర్తిస్తుంది. ఇక డాలస్‌లో ఉన్న కూతురే హైదరాబాద్ దుకాణానికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెప్పించుకుంటే అది కొనుగోలు. పెట్టెపై ‘కానుక’ అని దుకాణం ఎంత పెద్ద అక్షరాలతో ముద్రించినా అది కానుక అయిపోదు.

ఇతర దేశాల్లో సంఖ్యలు వేరు. కానుకల పరిమితి బ్రిటన్‌లో 39 పౌండ్లు, ఐరోపా సమాఖ్యలో 45 యూరోలు, కెనడాలో 60 కెనడా డాలర్లు.

ఇంట్లో చేసినదా, దుకాణంలో కొన్నదా?

మనకు సహజంగా తోచేది ఒకటి: దుకాణంలో సీలు వేసిన ప్యాకెట్ సురక్షితం, ఇంట్లో చేసింది అనుమానాస్పదం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన ఒకటి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది.

2002లో అమెరికా తెచ్చిన జీవ ఉగ్రవాద నిరోధక చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చే ఆహారం గురించి ఎఫ్‌డీఏకు ముందుగా తెలియజేయాలి. దీన్ని ముందస్తు నోటీసు అంటారు. ఇందులోంచి ఒక రకం ఆహారాన్ని చట్టమే మినహాయించింది: ఒక వ్యక్తి తన సొంత ఇంట్లో తయారుచేసి, తానే, అమెరికాలో ఉన్న మరో వ్యక్తికి కానుకగా పంపేది. అంటే అమ్మ చేత్తో పెట్టిన ఆవకాయకు ముందస్తు నోటీసు అక్కర్లేదు. అదే అమ్మ పేరున్న దుకాణంలో కొని పంపిన ఆవకాయ ఆ మినహాయింపులోకి రాదు. వ్యక్తిగత కానుకల విషయంలో ఎఫ్‌డీఏ సాధారణంగా గట్టి చర్యకు దిగదు. కానీ కొరియర్ సంస్థలు ఆ భరోసా మీద ఆధారపడవు, నోటీసు నంబరు ఉంటేనే పెట్టె తీసుకుంటామంటాయి. స్వయంగా విమానంలో వెంట తెచ్చుకునే సొంత వాడకం ఆహారానికి ఈ నోటీసు లేదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. మొక్కల, పశువుల తనిఖీ చేసే అధికారికి దుకాణపు ప్యాకెట్టే మేలు, ఎందుకంటే దానిపై ఏమేమి వేశారో అచ్చులో ఉంటుంది. ఇంటి డబ్బాపై ఏమీ ఉండదు. ఎర్రగా, నూనె తేలుతూ, ఘాటు వాసన వేసే ముద్దలో ఉన్నది మామిడికాయో మాంసమో ఆ అధికారికి తెలిసే మార్గం మనం రాసిన చీటీ ఒక్కటే.

తపాలా కౌంటరులో నింపే కస్టమ్స్ పత్రంలో వస్తువు వివరం రాసే గడి అందుకే అంత ముఖ్యం. చాలామంది అక్కడ ‘ఆహార పదార్థాలు, 5 కిలోలు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అది చూసిన అధికారికి పెట్టె తెరవడం తప్ప గత్యంతరం లేదు. ‘మామిడికాయ పచ్చడి, నువ్వుల నూనెలో, ఇంట్లో చేసినది, 2 కిలోలు; వేయించిన కందిపప్పు పొడి, 1 కిలో; మినప సున్నుండలు, చక్కెర, నెయ్యి, 1 కిలో’ అని ఇంగ్లిషులో వరుసగా రాసి, అదే వివరం ప్రతి డబ్బాపై అంటిస్తే ఆ పెట్టె కథ వేరు. సున్నా విలువ రాయడం, పచ్చడిని ‘పుస్తకాలు’ అని రాయడం లాంటి చిట్కాలు చెప్పే ఏజెంట్లు ఉన్నారు. ఇవి పట్టుబడిన రోజున జవాబు చెప్పాల్సింది ఏజెంటు కాదు. పెట్టెపై ఎవరి పేరు, చిరునామా ఉన్నాయో వారు, అంటే అక్కడ ఉన్న మన పిల్లలు.

కరివేపాకు రెబ్బ, బియ్యపు గింజ: ఇంత పట్టుదల ఎందుకు?

ఈ మొత్తం వ్యవహారంలో మనవాళ్లకు అన్యాయంగా అనిపించేది ఇదే. ‘ఆకు, గింజ తీసుకెళితే ఏం మునిగింది?’ అని కోపం వస్తుంది. కారణాలు తెలిస్తే ఆ కోపం కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

కరివేపాకు మొక్క నిమ్మ, నారింజ కుటుంబానికి చెందింది. నిమ్మజాతి చెట్ల రసం పీల్చే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకుపై హాయిగా బతుకుతుంది. ఆ పురుగు మోసుకెళ్లే బాక్టీరియా వల్ల నారింజ చెట్లకు గ్రీనింగ్ అనే తెగులు వస్తుంది. కాయ వంకర తిరిగి, చేదెక్కి, పండక ముందే రాలుతుంది. చెట్టు కొన్నేళ్లలో చస్తుంది. దానికి మందు లేదు. ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడింది. అంతకుముందు, 2003-04 పంట కాలంలో ఆ రాష్ట్రం సుమారు 24 కోట్ల పెట్టెల నారింజలు పండించింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి దిగుబడి అందులో పదో వంతుకు కూడా చేరడం లేదు. తుపాన్లూ, తోటలు అమ్ముకోవడమూ కొంత కారణమే కానీ పెద్ద దెబ్బ ఆ తెగులుదే. సంచిలో దాచిన రెబ్బ అధికారి కంటికి ఎలా కనిపిస్తుందో ఇప్పుడు ఊహించవచ్చు. పురుగు ఉండేది పచ్చి ఆకుపై, కాబట్టి వేయించి దంచిన కరివేపాకు పొడి విషయంలో ఆ భయం లేదు. అయినా తుది మాట అక్కడ నిలబడిన అధికారిదే.

బియ్యం కథ ఇంకా మనకు దగ్గరిది, ఎందుకంటే దానికి కారణమైన ఖాప్రా పురుగు పుట్టిల్లు మన ఉపఖండమే. నిల్వ గింజలను తినే ఈ పురుగు పిల్ల తిండి దొరక్కపోతే ముడుచుకుని, గోడ పగుళ్లలో, సంచి కుట్లలో ఏళ్ల తరబడి ప్రాణాలతో ఉండగలదు. మామూలు మందులకు సులువుగా లొంగదు. ఒక గోదాములో పడిందంటే దాన్ని వదిలించడానికి మొత్తం భవనానికే పొగ పెట్టాలి. అమెరికా 2011 నుంచి మన దేశంలాంటి చోట్ల నుంచి వ్యక్తిగత సంచుల్లో, పార్సిళ్లలో బియ్యాన్ని రానివ్వడం లేదు. శనగలు, సోయా గింజలకూ అదే నియమం. వాణిజ్య నౌకల్లో వచ్చే బియ్యానికి తనిఖీ, ధ్రువపత్రం ఉంటాయి కాబట్టి అది వెళుతుంది. 2023 జులైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అక్కడి తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు దాకా సాగింది. అంత ఇబ్బందిలోనూ ఇంటి నుంచి బియ్యం తెప్పించుకునే దారి లేకపోవడానికి ఈ పురుగే కారణం.

మాంసం సంగతికొస్తే, అసలు భయం గాలికుంటు వ్యాధి. మనుషులకు పెద్దగా సోకని ఈ పశువ్యాధి ఉప్పులో ఊరిన మాంసంలోనూ వైరస్ రూపంలో బతికి ఉండగలదు. 2001లో బ్రిటన్‌లో ఈ వ్యాధి చెలరేగి, అదుపు చేయడానికి 60 లక్షలకు పైగా పశువులను చంపారు. అక్రమంగా దేశంలోకి వచ్చిన మాంసం కలిసిన ఎంగిలి కూడును సరిగా ఉడికించకుండా పందులకు పెట్టడం వల్లే అది మొదలైందని అధికారిక విచారణలు భావించాయి. పొట్లం తెచ్చినవాళ్లకు దురుద్దేశం ఉండనక్కర్లేదు, తినగా మిగిలింది చెత్తబుట్టలో పడితే చాలు.

దేశం మారితే జాబితా మారుతుంది

ఆస్ట్రేలియా అమెరికా కన్నా చాలా కఠినం. ఖాప్రా పురుగు కారణంగానే 2020 చివర్లో అక్కడ మరో జాబితా వచ్చింది. బియ్యం, శనగలతో పాటు కందులు, పెసలు, వేరుశనగ గింజలు, జీలకర్ర, ధనియాలు, సోంపు, ఎండుమిరపకాయలు కూడా పార్సిల్‌లోనూ ప్రయాణికుల సంచుల్లోనూ నిషిద్ధం. మన వంటింటి పోపుల పెట్టె దాదాపు మొత్తం అందులో ఉంది. కర్మాగారంలో వేయించి సీలు చేసిన కొన్ని సరుకులకు సడలింపు ఉంటుంది కానీ ఇంట్లో వేయించినదానికి అది వర్తిస్తుందని అనుకోకూడదు. పాలతో చేసిన కోవా, పేడా, గులాబ్ జామూన్ వంటివీ మన దేశం నుంచి అక్కడికి వెళ్లవు.

నెయ్యి విషయంలో దేశాల మధ్య తేడా మరీ స్పష్టం. నెయ్యిలో నీరు, పాల మాంసకృత్తులు దాదాపు ఉండవు కాబట్టి అమెరికా పశువ్యాధి నిబంధనలు దాన్ని పాల నుంచి వేరుగా చూస్తాయి. ఐరోపా సమాఖ్య అలా చూడదు. మన దేశం నుంచి వ్యక్తిగతంగా వచ్చే మాంసం, పాల పదార్థాలు రెండూ అక్కడ కుదరవు, నెయ్యి సీసా పాల పదార్థం కిందికే వస్తుంది. బిస్కెట్లు, మిఠాయిల్లాంటివాటికి సడలింపు ఉంది. దాంతో ఆత్రేయపురం పూతరేకులు, సున్నుండలు లాంటివాటి దగ్గర గీత మసకబారుతుంది, పాలకోవా దగ్గర మాత్రం స్పష్టంగా ఉంటుంది. అన్న అట్లాంటాలో, తమ్ముడు మ్యూనిక్‌లో ఉన్న ఇంట్లో ఒకే రకం పెట్టెలు రెండు కడితే ఒకటి చేరి, ఒకటి చేరకపోవడానికి కారణం ఇదే.

గల్ఫ్ దేశాల్లో పురుగులకన్నా చట్టం ప్రమాదకరం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయ్, సౌదీలకు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లినవారు లక్షల్లో ఉన్నారు. సెలవుకు వచ్చి వెళ్లేవారి చేతికి ఇరుగుపొరుగు ‘మావాడికి ఈ పొట్లం ఇవ్వు బాబూ’ అని ఇవ్వడం మామూలు. ఆ పొట్లంలోని మటన్ మసాలాలో గసగసాలు ఉంటే? నల్లమందు మొక్క గింజలు కాబట్టి యూఏఈ, సౌదీ అరేబియాలు వాటిని మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చాయి. సింగపూర్‌లోనూ నిషేధం ఉంది. దంచిన మసాలాలో కలిసిపోయినా పరీక్షలో తేలుతుంది. నోము తాంబూలంలోని తమలపాకులూ యూఏఈ నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. ఇక్కడ దుకాణంలో చీటీ లేకుండా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందులు కూడా అక్కడ అనుమతి ఉంటే తప్ప నేరమే. పొట్లం ఎవరిదైనా చట్టం పట్టుకునేది మోసినవారిని. మొహమాటపడి తీసుకున్న పొట్లం వల్ల జీవనోపాధి పోయే పరిస్థితి రావడం కన్నా, అక్కడే విప్పి చూపించమని అడగడం ఎంతో నయం. అలా అడిగినందుకు నొచ్చుకునేవారు నొచ్చుకోనీ.

విమానం పెట్టే షరతులు

ఎండు కొబ్బరి సంగతి చాలామందికి వింత. కుడుకలో 60 శాతానికి పైగా నూనె ఉంటుంది. తేమ తగిలి, గాలి ఆడని చోట గుట్టగా పడి ఉంటే దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అందుకే అంతర్జాతీయ రవాణా జాబితాల్లో ఎండు కొబ్బరి ప్రమాదకర సరుకు. 2022లో మన పౌర విమానయాన భద్రతా సంస్థ పూర్తి కుడుకలను చెక్-ఇన్ సంచుల్లో నిషేధించింది.

చేతి సంచిలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది. నూనె తేలే పచ్చడీ, నెయ్యీ దాని కిందికే వస్తాయి. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి చేతి సంచిలోని పొడులకూ 350 మిల్లీలీటర్ల గీత గీశారు. అంతకుమించితే అదనపు తనిఖీ ఉంటుంది, అవసరమైతే తీసేస్తారు. పొడులైనా పచ్చళ్లైనా చెక్-ఇన్ సంచిలో ఉండటమే మేలు.

సీసా మూత ఎంత బిగించినా నూనె ఎందుకు కారుతుంది? విమానం లోపలి గాలి పీడనం సుమారు 8,000 అడుగుల ఎత్తున ఉన్న కొండపై ఉన్నంతే ఉంటుంది, అంటే నేల మీద ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులు. మూత కింద చిక్కిన గాలి మూడో వంతు దాకా వ్యాకోచించి, పైన తేలే నూనెను చిన్న సందులోంచైనా తోసేస్తుంది. కొత్తగా కలిపిన ఆవకాయైతే లోపల ఇంకా ఊరుతూ ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి మరింత. పచ్చళ్ల దుకాణాల వారు గాలి పూర్తిగా తీసేసి మందపాటి సంచుల్లో సీలు వేయడంలో రహస్యం ఇదే: వ్యాకోచించడానికి లోపల గాలి మిగలదు. మాగిన పచ్చడిలో పైనూనె తగ్గించి, ముద్దగా సీలు చేయించి, ‘చేరాక వేడి చేసి చల్లార్చిన నూనె పోసుకో’ అని చెప్పే తల్లులు ఈ భౌతికశాస్త్రాన్ని అనుభవంతో కనుక్కున్నారు.

కొరియర్ ధర దగ్గర ఇంకో చిక్కు. చాలా సంస్థలు అసలు బరువు, పరిమాణపు బరువు రెండూ చూసి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పరిమాణపు బరువు అంటే పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది. విరగకుండా సకినాలు పేర్చిన పెట్టె 45, 40, 35 సెంటీమీటర్లు ఉందనుకుందాం. గుణిస్తే 63,000, భాగిస్తే 12.6 కిలోలు. తూచితే 7 కిలోలే ఉన్నా కట్టేది 12.6 కిలోలకు. అదే పచ్చళ్లు, పొడుల పెట్టె 30, 25, 20 అయితే పరిమాణపు బరువు 3 కిలోలు, తూచితే 6. కట్టేది 6 కిలోలకు. సకినాలు, పూతరేకులు, జంతికలు కొరియర్‌లో ఖరీదైనవి కావడానికి వాటి మధ్య ఉన్న ఖాళీయే కారణం. ఎవరైనా మనిషి వెళుతుంటే సంచిలో పెట్టాల్సినవి అవి, కొరియర్‌కు ఇవ్వాల్సినవి పొడులు.

చికెన్ పచ్చడిపై ఇరుపక్షాల వాదన

హైదరాబాద్, విజయవాడల్లో చికెన్, మటన్ పచ్చళ్లను ‘అమెరికా డెలివరీ’ అంటూ అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. అమెరికా నిబంధనల ప్రకారం మన దేశం నుంచి కోడి, మేక మాంసం ఉన్న ఇలాంటి పచ్చళ్లకు వ్యక్తిగతంగా అనుమతి లేదు. రొయ్యలు, చేపలకు ఆ పశువ్యాధుల నిషేధం వర్తించదు. అయినా చికెన్ పచ్చళ్లు వెళుతున్నాయంటే, పత్రంలో ‘వెజ్ పచ్చడి’ అని రాయడం వల్లో, ఆ రోజు ఆ పెట్టె తెరవకపోవడం వల్లో.

పంపేవారి వాదన వినదగ్గదే. గంటల తరబడి నూనెలో వేయించిన ముక్కలో ఏ వైరస్ ఉంటుంది, ఇంట్లో కొద్దిగా తినడానికి పంపేదానికీ ఓడల్లో తెచ్చే మాంసానికీ ఒకే నియమమా అని అడుగుతారు. వేడికి వైరస్‌లు చస్తాయన్న మాట నిజమే. క్వారంటైన్ శాఖల జవాబు కూడా అంతే సూటిగా ఉంటుంది: ఎంత వేడిలో, ఎంతసేపు వేగిందో కౌంటరు దగ్గర ఎవరూ పరీక్షించలేరు. తెలియనప్పుడు ఆపడం ఒక్కటే మార్గం, ఎందుకంటే ఒక్క తప్పుకు మూల్యం లక్షల పశువులు.

ఈ రెండు వాదనల్లో నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. మొదటిదాన్ని కొట్టిపారేయలేను కానీ, నియమం నచ్చకపోవడం వేరు, పత్రంపై అబద్ధం రాయడం వేరు. అమెరికాలో దిగిన ప్రయాణికుడు నిషిద్ధ ఆహారం ఉందని తానే చెబితే దాన్ని తీసుకుని పంపేస్తారు, జరిమానా ఉండదు. చెప్పకుండా పట్టుబడితే మొదటిసారే 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. వేగంగా బయటకు పంపే గ్లోబల్ ఎంట్రీలాంటి సౌకర్యం ఉంటే అదీ పోవచ్చు. వీసాపై ఉన్న పిల్లల పేరు మీద అలాంటి రికార్డు ఎందుకు?

పెట్టెలో వెళ్లలేనిది: వండే తీరు

‘ఇప్పుడు అన్నీ అక్కడే దొరుకుతున్నాయి, ఈ పెట్టెల బాధ ఎందుకు?’ అనేవారు ఉన్నారు. ఫ్రిస్కో, ఎడిసన్‌లాంటి చోట్ల నిజంగానే గోంగూర, అప్పడాలు, ఊరమిరపకాయలు దొరుకుతాయి. కానీ దుకాణంలో దొరికేది ఒక రుచి, ఇంటిది ఇంకొకటి. ప్రతి ఇంటి కందిపొడికీ ఒక పాళ్లు ఉంటాయి, అవి ఏ ప్యాకెట్‌లోనూ దొరకవు. అందుకే వండే విధానం పంపడం పెట్టె పంపడం కన్నా తక్కువ పని కాదని నేను అనుకుంటాను. ఇందులో ఉన్న చిక్కులను మనం తక్కువ అంచనా వేస్తాం.

మొదటి చిక్కు కొలతలది. అమ్మమ్మల గిద్ద, సోల ఊరూరికీ మారతాయి. పోనీ కప్పు అందామంటే, ఆవకాయలో ఉప్పు దగ్గర అది పెద్ద తేడా తెస్తుంది. సన్న ఉప్పు ఒక అమెరికా కప్పుకు దాదాపు 290 గ్రాములు తూగుతుంది. అక్కడ వంటకు వాడే పలుకు ఉప్పు రకాల్లో కొన్ని అదే కప్పుకు సగం కూడా తూగవు. ఇక్కడ ‘కప్పు ఉప్పు’ అని చెబితే అక్కడ ఉప్పు సగానికి పడిపోయి, నెల తిరక్కుండా పచ్చడి బూజు పడుతుంది. తప్పు చేతిది అనుకుంటారు, నిజానికి తప్పు కప్పుది. మామిడి ముక్కల బరువు, ఉప్పు, కారం, ఆవపిండి అన్నీ గ్రాముల్లో చెబితే ఆ తేడా రాదు.

రెండోది పులుపు. పచ్చడి నిల్వ ఉండటానికి ఉప్పు ఎంత ముఖ్యమో పులుపూ అంతే ముఖ్యం. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉంటే బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బుకు కారణమైన విషాన్ని తయారుచేసే బాక్టీరియా పెరగలేదు. మన కొత్తపల్లి కొబ్బరి మామిడో, చిన్న రసాలో పచ్చిగా ఉన్నప్పుడు ఆ గీతకు చాలా కింద ఉంటాయి. అక్కడ పచ్చిమామిడి అని అమ్మే కాయల్లో కొన్ని లోపల పండటం మొదలై తియ్యబడి ఉంటాయి. అలాంటి కాయతో పెట్టిన పచ్చడి ఫ్రిజ్‌లో ఉండాలి. పులుపు లేని వెల్లుల్లిని పచ్చిగా నూనెలో ముంచి బయట ఉంచడం ఇంకా ప్రమాదం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో నూనెలో నిల్వ చేసిన వెల్లుల్లి తిని 36 మంది బొట్యులిజం బారిన పడ్డారు. మన వెల్లుల్లి ఆవకాయ నిలబడేది చుట్టూ ఉన్న మామిడి పులుపు, ఉప్పు వల్ల. ‘మామిడికాయ దొరకలేదు, వట్టి వెల్లుల్లితో పెట్టుకున్నా’ అని ఫోన్‌లో వింటే నిమ్మరసం ఎంత పోశావని, ఎక్కడ పెట్టావని వెంటనే అడగాలి.

మూడోది విత్తనాలు. పెరట్లో వేసుకుంటారని గోంగూర, బీర, దోస గింజలను పొడి పొట్లాల మధ్య దాచి పంపడం చాలా ఇళ్లలో ఉంది. నాటే విత్తనాలకు అమెరికాలో మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేదా ముందస్తు అనుమతి ఉండాలి, లేకపోతే చిన్న పొట్లం వల్ల పెట్టె మొత్తం ఆగవచ్చు. గోంగూర విత్తనాలు అక్కడి విత్తనాల అమ్మకందారుల దగ్గర, తోటలు వేసుకునే తెలుగువారి దగ్గర దొరుకుతాయి. చలి పోయి నేల వెచ్చబడ్డాక, టెక్సస్‌లో ఏప్రిల్‌లో, న్యూజెర్సీలో మే చివర్లో వేస్తే వేసవంతా కోసుకోవచ్చు.